కోపానికి తరుగు లెక్క

మా ఇంట్లో నా బండి స్టాండుకు ఒక భాష ఉందని పోయినేడు దసరా దాకా నాకు తెలియదు. ఆ రోజు దేవరకొండ రోడ్డు మీద పెట్రోల్ అయిపోయింది, ఇంటిదాకా తోసుకుంటూ వచ్చాను, కాబట్టి చప్పుడు లేదు. చెమటలు కక్కుకుంటూ కిటికీ పక్కన నిలబడి ఊపిరి తీసుకుంటుంటే లోపల మా బిడ్డ, సెలవులకొచ్చిన మా చెల్లె కొడుక్కి పాఠం చెబుతోంది. "మీ మామ బండి స్టాండు దబ్బున పడ్డదనుకో, టీవీ బంద్ చేసి లోపలర్రకు పోవాలె. మెల్లగ పడితె ఏం గాదు, కూసోవచ్చు." వాడు బుద్ధిగా అడిగాడు, "పడేటప్పుడు నడుమ సప్పుడొస్తె?" అది కాసేపు ఆలోచించి, "నడుమ సప్పుడైతె రిమోట్ చేతిల పట్టుకోని కూసోవాలె" అంది.

ఆరో తరగతి పిల్ల. నేను ఇప్పటిదాకా దాని మీద చెయ్యెత్తలేదు, ఆ మాట గర్వంగా పదిమందికి చెప్పుకునేవాణ్ణి కూడా. కొట్టను, కానీ ఒర్లుతాను. బడిలో లెక్కలు చెప్పే గొంతు నాది, నలభై మంది పిల్లలకు చివరి బెంచీ దాకా వినపడేది, అదే గొంతుతో ఇంట్లో సబ్బుపెట్టె ఎక్కడుందని అడిగితే ఇద్దరు మనుషులకు ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు. గురిగింజకు తన కింది నలుపు తెలియదంటారు కదా. గురిగింజలతో తూకం వేసిన ఇంట్లో పుట్టినోణ్ణి, నాకు అది అందరికంటే ముందు తెలియాల్సింది.

కోపం తగ్గించుకోవాలని అంతకుముందు ప్రయత్నం చేయలేదా అంటే చేశాను, అన్నీ పెద్ద పెద్దవే చేశాను. ఉగాది రోజు పచ్చడి తిని, ఇక ఈ ఏడాది నోరెత్తనని ఒట్టు పెట్టుకోవడం ఒకటి. మధ్యాహ్నం బొబ్బట్లు తినే టైముకే అది పోయింది. ఒకసారి అయ్యప్ప మాల వేసుకున్నాను, 41 రోజులు నిజంగానే నోరు అదుపులో ఉంది, అందరూ స్వామీ స్వామీ అంటుంటే కోపం వచ్చినా మింగేవాణ్ణి. మాల తీసిన నాలుగో రోజు గ్యాస్ బండ తెచ్చిన పిల్లగాడి మీద పడి ఒర్లాను. తప్పు దీక్షది కాదు. ఆ 41 రోజులు కోపాన్ని ఆపింది మాల, నేను కాదు. మెడలోది తీయగానే నా దగ్గర మిగిలిందేమీ లేదు.

దసరా తర్వాత హైదరాబాద్‌లో ఏదో ట్రైనింగ్ ఉంటే బస్సులో పోతూ ఫోన్‌లో ఎపిక్టిటస్ మాటలు చదివాను. పేరు కొత్తగా అనిపించేవాళ్ళకు రెండు ముక్కలు: స్టోయిక్కులనే తత్వవేత్తల బడికి చెందినవాడు, ఇప్పటి టర్కీ ప్రాంతంలో పుట్టాడు, రోమ్‌లో బానిసగా బతికాడు, కాలు కుంటి, తర్వాత స్వేచ్ఛ దొరికి గ్రీసులోని నికోపొలిస్‌లో బడి పెట్టుకున్నాడు. దాదాపు 1900 ఏండ్ల కిందటి మాట. తాను ఒక్క ముక్క రాయలేదు, ఆర్రియన్ అనే శిష్యుడు రాసి పెట్టాడు. బానిసగా బతికినోడికి ఎదుటివాడి కోపం గురించి మనకంటే ఎక్కువే తెలిసి ఉంటుందని నాకనిపించింది, అందుకే వదలకుండా చదివాను.

ఆయన దగ్గరికి ఒకతను వచ్చి, మా అన్నదమ్ముడికి నా మీద కోపం, అది పోవాలంటే ఏం చేయాలని అడుగుతాడు. ఎపిక్టిటస్ జవాబు చూడండి. అతన్ని నా దగ్గరికి తీసుకురా, మాట్లాడతాను, అతని కోపం గురించి నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదంటాడు. అతను వదలడు, మరి నా సంగతేంటి, అతను మారకపోయినా నేను సరిగ్గా ఉండాలంటే ఎట్లా అంటాడు. అప్పుడు చెబుతాడు: గొప్పదేదీ ఒక్కసారిగా రాదు, ద్రాక్షగుత్తే రాదు, అత్తిపండే రాదు. నాకిప్పుడే అత్తిపండు కావాలంటే కుదరదు, ముందు పూత రానీ, తర్వాత పిందె కానీ, ఆ తర్వాత పండనీ. మా నల్లగొండోళ్ళకు ఇది బత్తాయి తోట భాష. నాటిన నాలుగైదేండ్లకు గానీ చెప్పుకోదగ్గ కాపు రాదు, అది కూడా బోరు ఎండిపోకుండా ఉంటే. ట్యాంకర్లతో నీళ్ళు పోసి చెట్లు బతికించుకున్న రైతుకు ఓపిక గురించి గ్రీసు నుంచి ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. నేను రైతుని కాదు, నాకు చెప్పాల్సి వచ్చింది.

అసలు నన్ను పట్టుకున్నది ఇంకోచోట ఉంది. నడిస్తే నడక గట్టిపడుతుంది, పరిగెత్తితే పరుగు గట్టిపడుతుంది, పది రోజులు మంచం మీద పడుకుని లేచి దూరం నడవబో, కాళ్ళెట్లా వణుకుతాయో చూడు అంటాడు. కోపం కూడా అంతేనట. నీకు కోపం వచ్చినప్పుడు ఆ ఒక్క కీడే జరిగిందనుకోకు, అలవాటును కూడా గట్టిచేశావు, మంటలో ఇంకో కట్టె వేశావు. మరి ఏం చేయాలి? రోజులు లెక్కపెట్టు అంటాడు. అంతే. ముందు రోజూ కోపం వచ్చేది, తర్వాత రోజు తప్పించి రోజు, తర్వాత మూడు రోజులకోసారి, తర్వాత నాలుగు రోజులకోసారి. ముప్పై రోజులు గడిచాయంటే దేవుడికి మొక్కు చెల్లించుకో అని కూడా చెప్పాడు. బస్సు చౌటుప్పల్ దాటుతుండగా ఇది చదివాను. ఒట్టు పెట్టుకోమనలేదు, మనసు మార్చుకోమనలేదు, లెక్కపెట్టమన్నాడు. లెక్కల సారుకు ఇంతకంటే సులువైన పని ఎవరిస్తారు?

ఇంటికొచ్చి వంటింటి గోడ క్యాలెండర్ దించాను. కోపం రాని రోజుకు ఒక గీత. తిథులూ వర్జ్యాలూ పాలలెక్కా ఉన్న ఆ చిన్న గడిలోనే, ఒక మూలకు. మా ఇంటామె రెండు రోజులు ఏమీ అడగలేదు, మూడో రోజు పాలప్యాకెట్ల లెక్కతో నా గీతలు కలిసిపోయి పాలాయనకు ఎక్కువ డబ్బులిచ్చేసింది, అప్పుడు బయటపడింది విషయం. నవ్వింది. నవ్వి, ఎరుపు స్కెచ్‌పెన్ను తెచ్చిచ్చింది.

గీత పెట్టడం మొదలుపెట్టాక తెలిసింది, లెక్కపెట్టాలంటే ముందు ఏది కోపమో తేల్చుకోవాలని. గొంతు పెరిగితే కోపమే, అందులో పేచీ లేదు. పళ్ళు కొరికితే? మాట్లాడకుండా మూతి ముడుచుకుని అన్నం తింటే? బడిలో పిల్లగాడి నోట్‌బుక్కు మీద తప్పు దగ్గర కాగితం చిరిగేంత గట్టిగా ఎర్రగీత గీస్తే? మొదట్లో ఇవేవీ లెక్క కాదన్నాను. మా ఆమె ఒప్పుకోలేదు. "మూతి ముడుసుకునుడే ఎక్కువ కష్టం, ఒర్లితె ఐదు నిమిషాల్ల అయిపోతది" అంది. అట్లా తీర్పు ఆమె చేతికి పోయింది. మొదటి నెల గీతలు నాలుగు. నాలుగంటే నాలుగే! నేను పదిహేనన్నా వస్తాయనుకున్నాను, అంటే నా గురించి నా అంచనా ఎంత తప్పో చూడండి.

మా నాయిన అవుసల పని చేసేవాడు. ప్రకాశం బజార్ పక్క సందులో చిన్న కొట్టు, ముందర ఒక కుంపటి. బంగారం తక్కువ, వెండి ఎక్కువ. ఊళ్ళ నుంచి పాత పట్టగొలుసులు, దేవరకొండ వైపు తండాల నుంచి బరువైన కడియాలు కరిగించడానికి తెచ్చేవాళ్ళు. బడి అయ్యాక నేను గాలి ఫ్యాను తిప్పేవాణ్ణి. పాత వెండి ముక్కలు కత్తిరించి మూసలో వేసి, మూసను బొగ్గుల మధ్య కూర్చోబెట్టి, నాయిన ఊదుగొట్టం పట్టుకుని కూర్చునేవాడు. వెండి ఎర్రబడి, మెత్తబడి, అంచులు కుంగి, ఒక్క క్షణంలో నీళ్ళలాగా కలిసిపోయేది. అప్పుడు చిటికెడు వెలిగారం. టంకంలోని మలినమూ ఏండ్ల జిడ్డూ పైకి తేలి గాజుపెంకులా కట్టేది, దాన్ని ఇనుప చువ్వతో పక్కకు లాగేవాడు. అయిపోయిందనుకుంటే మళ్ళీ చిటికెడు, మళ్ళీ ఊదుడు, మళ్ళీ లాగుడు. నాకు ఆకలేసి ఫ్యాను గిరగిరా తిప్పితే నాయిన చూడకుండానే అనేవాడు, "మెల్లగ బిడ్డా, ఎగిరి పోతది." గాలి ఎక్కువైతే వెండి చిట్లి బొగ్గుల్లో పడుతుంది. తక్కువైతే గడ్డకడుతుంది.

కడ్డీ పోశాక అసలు పంచాయితీ మొదలయ్యేది. పది తులాలిస్తే తొమ్మిదిన్నర వచ్చేది. "మిగిలింది ఏడవాయె?" అని ఆ తల్లి కొంగు నడుముకు చెక్కుకుని నిలబడేది. నాయిన ఆ గాజుపెంకులన్నీ ఒక డబ్బాలో దాచి ఉంచి చూపించేవాడు. "పోయింది ఎండి కాదు తల్లీ, మడ్డి పోయింది. ఇది తరుగు." నమ్మేవాళ్ళు నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు పక్క కొట్టుకు పోయి తూకం వేయించేవాళ్ళు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, బుద్ధుడి మాటల పుస్తకం ధమ్మపదంలో 239వ గాథ కంటపడింది. పాళీలో ఇట్లా ఉంటుంది: అనుపుబ్బేన మేధావీ, థోకం థోకం ఖణే ఖణే, కమ్మారో రజతస్సేవ, నిద్ధమే మలమత్తనో. తెలివైనవాడు వరుసగా, కొంచెం కొంచెంగా, క్షణక్షణం, వెండిపని చేసేవాడు వెండిలో మడ్డిని ఊదేసినట్టు తన మలినాన్ని తీసేసుకోవాలి అని. కమ్మారో అన్నచోట మన కమ్మరి వినబడుతోంది కదా! నిద్ధమే అంటే ఊదిపారేయడమే. ఆ మాట చెప్పినాయన ఎక్కడో ఒక కుంపటి దగ్గర కాసేపైనా నిలబడి చూసి ఉండాలి, లేకపోతే థోకం థోకం అని రెండుసార్లు అనడు. గీతలో కృష్ణుడు కూడా ఆరో అధ్యాయంలో మనసు సంగతి వచ్చినప్పుడు శనైః శనైః అని రెండుసార్లే అంటాడు. ఒక్కసారి చెబితే మనం వినమని వాళ్ళిద్దరికీ తెలిసినట్టుంది.

ఇక్కడ నేను మొబైల్లో కనబడే ఎదుగుదల వీడియోలతో విడిపోతాను. వాళ్ళు రోజుకు ఇంత కలుపు, ఏడాదికి ఇంతవుతావంటారు. నాకు కలపాల్సిందేమీ కనబడలేదు. నాది తరుగు పని. ఒక్కో చిటికెడూ వేసి పైకి తేలింది లాగెయ్యాలి, చివర్లో తూకం తగ్గుతుంది, తగ్గిందని నాలో ఉన్న ఆ తల్లి కొంగు చెక్కుకుని పంచాయితీకి నిలబడుతుంది. నిజంగానే నిలబడింది. కోపం లేకపోతే బడిలో పిల్లలు మాట వింటారా, ఇంటి ఓనర్ మోటర్ బాగు చేయిస్తాడా, నన్నెవరు లెక్కచేస్తారు అని రెండో నెలంతా ఇదే గోల లోపల.

ధమ్మపదంలోనే కుండ గాథ చాలామందికి తెలుసు, బొట్టు బొట్టుగా పడి నీళ్ళ కుండ నిండుతుంది, అట్లాగే మంచి కొంచెం కొంచెంగా నిండుతుంది అని. అది 122. దానికి ముందు 121 ఉంది, దాన్ని ఎవరూ స్టేటస్ పెట్టుకోరు. అదే కుండ, అదే బొట్టు, నిండేది మాత్రం చెడు. నాకది రాదులే అని చెడును చులకనగా చూడకు అంటుంది. మా జిల్లా మనిషికి ఈ గాథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. మర్రిగూడ వైపు ఊళ్ళలో బోరునీళ్ళు తాగిన పిల్లలకు ఏమైంది? ఒక్క చెంబు నీళ్ళు ఎవర్నీ ఏమీ చేయలేదు. రంగు లేదు, వాసన లేదు, దాహం తీరింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు, చెంబు తర్వాత చెంబు, ఏండ్ల తరబడి, ముందు పళ్ళ మీద పసుపు గార, తర్వాత వంగిన ఎముకలు. దానికి కనిపెట్టిన మందు కూడా మా పేరు మీదే ఉంది, నల్లగొండ టెక్నిక్ అంటారు, నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేశారు. పటికా సున్నమూ వేసి కలిపి కదలకుండా పెడితే ఫ్లోరైడు మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది, పైన తేటను వంచుకోవాలి. చూశారా, అక్కడ కూడా తరుగే.

నా కోపం కూడా అట్లా చెంబు చెంబుగా వచ్చిందే. పెళ్ళైన కొత్తలో నేనిట్లా లేను, మా ఆమె సాక్షి. ఒకరోజు జీతం లేటయ్యింది, ఇంకోరోజు ట్యూషన్ పిల్లలు మానేశారు, గట్టిగా అరిచాక లోపల ఒక హాయి ఉండేది, ఆ హాయి కోసం ఇంకోసారి. తినగ తినగ వేము తియ్యనుండు అని వేమన పద్యం నేనే పిల్లలతో వల్లె వేయించాను. సాధన గురించి చెప్పిన పద్యం అది, కానీ చేదు తియ్యగా మారడమంటే అందులో భయం కూడా ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది. కోపం నాకు తియ్యగా అయింది. ఇంట్లో అందరికీ చేదుగా ఉన్నది నా ఒక్కడి నోటికే తియ్యగా ఉంటే, మరి నాకెట్లా తెలుస్తుంది?

మధ్యలో ఫణిగిరి పోయొచ్చాం, అప్పట్లో మా ఉమ్మడి జిల్లాలోదే, ఇప్పుడు సూర్యాపేట. గుట్ట మీద స్తూపం, విహారాల పునాదులు. 2024లో అక్కడ ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల కాలం నాటివని చెప్పారు, ఒకవైపు ఏనుగు బొమ్మ. ఆ గుట్ట మీద ఈ కుండ గాథ ఎవరో ఒకరు చదివే ఉంటారని నేను ఊహించుకుంటూ నిలబడితే మా బిడ్డ అడిగింది, "ఒక్కొక్కటి ఏసిండ్రా నాయినా, ఒక్కసారే పోసిండ్రా?" నాకు తెలియదన్నాను. తెలియదని మెల్లగా చెప్పడం కూడా ఒక గీతే అనుకున్నాను లోపల.

స్టోయిక్కుల్లో నాకు మింగుడుపడనిది ఒకటుంది, దాచకుండా చెబుతాను. వాళ్ళ గురువు జెనో, మంచి స్థితి కొంచెం కొంచెంగా వస్తుంది కానీ అది కొంచెం విషయం కాదు అన్నాడంటారు. బాగుంది. కానీ అదే బడివాళ్ళు ఇంకోచోట, నీళ్ళలో మూరెడు లోతున మునిగినోడూ అడుగున మునిగినోడూ ఒక్కలాగే ఊపిరాడక పోతారంటారు. అంటే పూర్తిగా బయటపడ్డావా లేదా, అంతే లెక్క. నేను బావిలో ఎండిన సొరకాయ నడుముకు కట్టుకుని ఈత నేర్చుకున్నాను, మూరెడు లోతులో ఉన్నోడికి పై వెలుతురు కనబడుతుంది, అడుగున ఉన్నోడికి కనబడదు. ఆ తేడా చిన్నదేం కాదు. ఈ విషయంలో వాళ్ళ మాట నేను తీసుకోను.

నేను చేసిన చిన్న చిన్న పనులు చెప్పాలంటే సిగ్గేస్తుంది, అంత చిన్నవి. ఇంటి సందు మొదట్లో కిరాణా కొట్టు దగ్గర బండి ఆపి ఒక నిమిషం ఊరికే కూర్చుంటాను. కొట్టాయన మొదట్లో ఏం కావాలె సార్ అని లేచేవాడు, ఇప్పుడు లేవడు. నోట్‌బుక్కులు అన్నం తిన్నాకే దిద్దుతాను. రాత్రి సెనెకా అనే ఇంకో స్టోయిక్ చెప్పిన పని ఒకటి మొదలుపెట్టాను, దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఉన్నప్పుడు రోజంతా ఏం చేశానో వెనక్కి చూసుకుంటానంటాడాయన. మా ఇంట్లో లైటు తీసేశాకే ఆమె మాటలు మొదలవుతాయి, కాబట్టి నేను వెనక్కి చూసుకోవాల్సింది కూడా ఆమే చెప్పేస్తుంది, ఒక్కటీ మరిచిపోకుండా.

రెండో నెల ఏడు, మూడో నెల పదకొండు, నాలుగో నెల మళ్ళీ ఆరుకు పడింది, అది పరీక్షల నెల. జ్వరం తగ్గినా మనిషి వెంటనే మునుపటిలా కాడు, మచ్చలుంటాయి, ఆ మచ్చ మీద మళ్ళీ దెబ్బ పడితే పుండవుతుందని ఎపిక్టిటస్ ముందే చెప్పాడు, కాబట్టి క్యాలెండర్ చించలేదు. స్టాండు మాత్రం చేత్తో పట్టుకుని దింపుతున్నాను. దాంతో కొత్త చిక్కొచ్చింది. చప్పుడు అస్సలు రాకపోయేసరికి నేనొచ్చింది తెలియక బిడ్డ ఉలిక్కిపడింది ఒకరోజు. ఇప్పుడు హారన్ ఒకసారి కొట్టి దిగుతున్నాను.

పోయిన నెల వరసగా పంతొమ్మిది గీతలు పడ్డాయి. ఎప్పుడూ అన్ని లేవు. ముప్పై నిండితే మొక్కు చెల్లించాలని చెప్పాడు కదా మన కుంటిసారు, చెర్వుగట్టు గుడికి పోయి కొబ్బరికాయ కొడదామని మా ఆమె అంది. గడియారం సెంటర్ దగ్గర మంచి పీచుకాయ చూసి ముందే కొనుక్కొచ్చి దేవుడి అలమారలో పెట్టింది కూడా. ఇరవయ్యో రోజు సాయంత్రం ఇంటి ఓనర్ ఫోన్ చేశాడు, మోటర్ సంగతే. ఏం మాట్లాడానో రాయను. ఫోన్ పెట్టేసి చూస్తే బిడ్డ రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది, టీవీ మాత్రం బంద్ చేయలేదు.

తెల్లారి ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ.